తీగను మోసిన గిన్నెలు

తెలుగువారు టెలిగ్రాముకు రెండు పేర్లు పెట్టుకున్నారు. సర్కారు జిల్లాలలో అది తంతి. మా తెలంగాణలో తార్. తంతి సంస్కృతపు తంత్రికి దగ్గరి చుట్టం, వీణకు బిగించే తీగను కూడా అదే మాటతో పిలుస్తాము. తార్ పారసీకం నుండి ఉర్దూ మీదుగా మన నాలుకపైకి వచ్చిన పదం, దానికీ తీగ అనే అర్థం. దారులు వేరైనా రెండు మాటలూ ఒకే వస్తువు దగ్గర ఆగినవి. "తార్ వచ్చింది" అన్న మాట వినబడితే చాలు, చదవకముందే ఇంటిల్లిపాదీ ఏడ్పు మొదలుపెట్టిన రోజులను నా తరం వారందరూ ఎరుగుదురు.

తీగకు రెండేసి పేర్లు పెట్టినవాళ్ళం, ఆ తీగను స్తంభానికి తగలనీయకుండా నూరేళ్ళకు పైగా ఎండకూ వానకూ ఓర్చి మోసిన వస్తువునకు మాత్రం ఒక్క పేరైనా పెట్టలేదు. పాఠ్యపుస్తకాలలో విద్యుద్బంధకము అని ఉంటుంది. ఆ మాటను పరీక్షలో వ్రాసిన పిల్లలను చూశాను గాని, స్తంభంవైపు వేలు చూపి పలికిన మనిషిని చూడలేదు. కరెంటు లైన్‌మన్లు ఇన్సులేటరు అంటారు. తక్కిన వారికది పింగాణీ గిన్నె, లేదా పింగాణీ చిప్ప. నేనూ ఈ వ్యాసంలో గిన్నె అనే అంటాను. నా అలమరలో అటువంటివి తొమ్మిది ఉన్నవి. వాటితోపాటు గాజు గిన్నె ఒకటి కలదు. నేను తెలుగు పండితుడను, విద్యుత్తు నా శాస్త్రం కాదు. అయినను ఈ గిన్నెల చరిత్రను చదివే పద్ధతి మా తాళపత్ర గ్రంథాల పరిష్కరణ పద్ధతికి ఎంత దగ్గరగా ఉన్నదో చూసిన తరువాత, వ్రాయక ఉండలేకపోతున్నాను.

ముందుగా గిన్నె చేసే పని. తీగలో పోయే విద్యుత్తు స్తంభంలోకి జారితే భూమిలో కలిసిపోతుంది, వార్త అవతలి ఊరికి చేరదు. గాజు గాని పింగాణీ గాని తమ గుండా విద్యుత్తును పోనీయవు. వానాకాలంలో చిక్కు వచ్చేది వాటి లోపలినుండి కాదు, పైనుండి. తడిసిన గిన్నె ఒంటిమీద పలుచని నీటిపొర ఏర్పడుతుంది. దానికి దుమ్మూ పొగా తోడైతే ఆ పొరే దారి అవుతుంది. అందుకని గిన్నెను బోర్లించారు. బోర్లించిన గిన్నె లోపలి అంచు తడవదు. అదీ చాలదని 1856లో లాటిమర్ క్లార్క్ అనే ఆంగ్ల ఇంజనీరు గిన్నెలో గిన్నెను బోర్లించాడు. పైది గొడుగు, లోపలిది గొడుగుక్రింది మనిషి. నీటిపొర ఆ రెండు అంచులూ ఎక్కి దిగితేగాని ఇనుప కాడను అందుకోలేదు. తరువాత వచ్చిన తంతి గిన్నెలలో చాలావాటికి మూలం ఈ రెండంతస్తుల ఉపాయమే.

మన దేశపు తొలి తీగకు ఈ సంరక్షణ అంతంతమాత్రమే. విలియం ఓషానెస్సీ అనే కంపెనీ వైద్యుడు 1839లో కలకత్తా వృక్షోద్యానంలో వెదురు గడలమీద తీగ కట్టి వార్తలు పంపే ప్రయోగం చేశాడు. గంజాయి ఔషధగుణాలను ఐరోపా వైద్యులకు పరిచయం చేసినవాడు కూడా ఇతడే, ఒకే మనిషికి ఎన్ని తోవలో! 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరు దాకా తంతి మార్గం నడిచింది. 1854లో ఆగ్రా అందింది. 1855లో సామాన్య ప్రజలూ డబ్బు చెల్లించి వార్త పంపే ఏర్పాటు వచ్చింది. ఓషానెస్సీ సన్నని తీగను నమ్మలేదు. గాలివానలకూ, కోతులకూ, పక్షులకూ తట్టుకోవాలని లావుపాటి ఇనుప కడ్డీనే సాగదీయించాడు. అంత లావు కడ్డీలో విద్యుత్తు ధారాళంగా పోతుంది గనుక కొంత జారిపోయినా ఫరవాలేదని అతని లెక్క. మార్గాలు వేలమైళ్ళకు పెరిగిన కొద్దీ ఆ లెక్క చెల్లలేదు, మంచి గిన్నెలు అవసరమైనవి. 1870 ఏప్రిల్ 12న సీమెన్స్ సోదరులు లండన్ నుండి కలకత్తాకు 28 నిమిషాలలో వార్త పంపి చూపారంటే, ఆ దారిపొడవునా ఏ ఒక్క గిన్నె కారినా సాధ్యమయ్యేది కాదు. సీమెన్స్ వారు పింగాణీకి ఇనుప టోపీ పెట్టిన గిన్నెలు కూడా చేశారు. రాళ్ళు రువ్వేవారినుండి కాపాడడమే ఆ టోపీ పని. ఉండేలు, మావైపు గులేరు, చేతబట్టిన పిల్లవాడు ఏ దేశంలోనైనా ఒక్కటే కదా.

ఇక మా ప్రాంతం సంగతి. మా పోచారానికి రైలు లేదు. 1922లో ఆలేరు వాగుపై కట్టిన ఆనకట్టే మా ఊరికున్న ప్రతిష్ఠ. రైలు చూడాలంటే ఎల్లారెడ్డి మీదుగా కామారెడ్డి పోవాలి. కామారెడ్డి గుండా పోయేది హైదరాబాదు-గోదావరీ లోయ రైలు మార్గం. నిజాం హామీతో నడిచిన రైల్వే కంపెనీ దీనిని మీటరు గేజిలో వేసింది. హైదరాబాదు నుండి మన్మాడు దాకా 391 మైళ్ళు, 1899 నుండి 1901 లోపల తెరువబడినది. రైలుకట్ట పక్కన తంతి స్తంభాలు తప్పనిసరి. తపాలా విషయంలో నిజాం ప్రభుత్వం తన టప్పా తాను నడుపుకున్నది. 1869 నుండి సొంత స్టాంపులు వేసి, 1950 ఏప్రిల్ 1న భారత తపాలా శాఖలో కలిసింది. అందువల్ల స్టాంపులను సేకరించేవారికి నిజాం రాజ్యం ఒక ప్రత్యేక ప్రపంచం. వాటిపై పట్టికలు ఉన్నవి, మంచి పుస్తకాలు ఉన్నవి. అదే కాలంలో అదే రాజ్యంలో నిలబడిన తంతి గిన్నెలకు పట్టిక మాట దేవుడెరుగు, పాతసామాను కొట్టులో కూడా చోటు లేదు.

రైలు తీగ వార్తలను మాత్రమే మోయలేదు. ఒంటి దారిలో ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా చూసే బాధ్యత కూడా దానిదే. మన ఒంటి దారులలో చాలాచోట్ల నీల్ యంత్రం అనేది వాడారు. రెండు స్టేషన్లలో చెరొక పెట్టె, ఆ రెంటినీ కలిపే తీగ, పెట్టెలలో లోహపు గోళాలు. అవతలి స్టేషను మాస్టరు తన పెట్టె మీట నొక్కి అనుమతి ఇస్తేగాని ఇవతల గోళం బయటికి రాదు. ఒక గోళం బయట ఉండగా రెండవది రానే రాదు. ఆ గోళాన్ని తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద వలయానికి తగిలించి, కదిలే ఇంజను డ్రైవరు చేతికి అందించేవారు. కామారెడ్డి ప్లాట్‌ఫారంపై ఆ వలయాన్ని డ్రైవరు మోచేతితో ఒడిసిపట్టే ఒడుపు చూడడానికే చిన్నప్పుడు మేము బండి దిగి నిలబడేవాళ్ళం. గోళాన్ని అందరం చూశాము. దాని వెనుక పది పన్నెండు మైళ్ళ తీగనూ, తీగ క్రింద వందలాది గిన్నెలనూ చూసినవారెవరు?

ఈ శతాబ్దపు మొదటి ఏండ్లలో మా మార్గం బ్రాడ్‌గేజిగా మారింది. మార్పుతోపాటు పాత తీగలూ స్తంభాలూ దిగిపోయినవి, వార్తలు భూమిలోని కేబుళ్ళకు చేరినవి. ఆ రోజులలో కామారెడ్డిలో ఒక పాత ఇనుప సామాను కొట్టు ముందు నడిచిపోతూ ఉంటే ఠంగు ఠంగున చప్పుడు వినిపించింది. ఒక కుర్రవాడు గిన్నెలను ఒక్కొక్కటే రాతిమీద పెట్టి సుత్తితో పగులగొడుతున్నాడు. లోపలి ఇనుప కాడ ఒక కుప్పలోకి, పింగాణీ పెంకులు గుంత పూడ్చడానికి. ఎందుకు పగులగొట్టిస్తున్నారని యజమానిని అడిగితే, "సారూ, ఇనుముకు కిలో లెక్కన పైసలొస్తయి, గీ గిన్నెకేమొస్తది?" అన్నాడు. అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. కాడలతోసహా తూకం వేయించి, ఇనుము ధరకే తొమ్మిది గిన్నెలు తెచ్చుకున్నాను. ఏ స్టేషన్ల నడుమ దిగినవని అడిగితే బండిపై సరుకు తెచ్చిన మేస్త్రీ చెప్పగలిగినంత చెప్పాడు. ఐదు భిక్కనూరు వైపువి, నాలుగు డిచ్‌పల్లి వైపువి. ఆ సాయంత్రమే నోటుబుక్కులో వ్రాసిపెట్టాను. ఆ రెండు పంక్తుల విలువ ముందు ముందు చెబుతాను.

చాలా ఏండ్లు అవి అలమరలో ఊరకే ఉన్నవి. పదవీ విరమణ తరువాత అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేసి, "సార్, మీ గిన్నెల అక్కచెల్లెళ్ళు ఇక్కడి సంతలో ఉన్నారు, కాకపోతే అందరూ గాజు చీరలు కట్టారు" అన్నాడు. తెలుగు బాగా చదివినవాడు, మాటలట్లాగే ఉంటవి. సెలవుకు వచ్చినప్పుడు ఒకటి తెచ్చి ఇచ్చాడు. నాలుగంగుళాల ఎత్తు, లేత నీలి ఛాయ, లోపల కొయ్య మేకును తిప్పి బిగించడానికి మరలు. ముందువైపు "హెమింగ్రే 42" అని ఉబ్బెత్తు అక్షరాలు.

అమెరికాలో గాజు, మనకు పింగాణీ ఎందుకు? ఐరోపావారు గాజును పరీక్షించి, తేమగాలిలో దాని ఒంటిపై నీటిపొర త్వరగా పడుతుందని పింగాణీవైపు మొగ్గారు. మన తంతి బ్రిటిష్ వారి చేతిలో పెరిగింది గనుక మనకూ పింగాణీయే వచ్చింది. అమెరికాలో గాజు చౌక, దూరాలు మిక్కుటం. లక్షల కొద్దీ అచ్చువేయడానికి గాజే అనువైనది. తొలినాళ్ళలో గాజు గిన్నెలు నున్నని రంధ్రంతో ఉండి గాలికి మేకుపైనుండి ఊడిపోయేవి. 1865లో లూయీ కావె అనే వడ్రంగి రంధ్రంలో మరలు వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. బ్రూక్లిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్ గాజు కర్మాగారం దానిని అందుకున్నది. సిన్సినాటిలో పుట్టి, నది దాటి కవింగ్టన్ చేరి, 1888లో ఇండియానాలోని మన్సీలో సహజవాయువు దొరుకుతుందని అక్కడ కొలిమి పెట్టిన హెమింగ్రే కంపెనీ దీనిలో అందరినీ మించింది. 1933లో ఓవెన్స్-ఇల్లినాయ్ సంస్థ దానిని కొన్నది. 1960 దశకం వరకూ గాజు గిన్నెలు అక్కడ తయారైనవి. ఈలోగా వాటిని సేకరించేవారు తయారయ్యారు. 1969లో వారికొక పత్రిక, 1973లో ఒక జాతీయ సంఘం. వుడ్‌వర్డ్ అనే టెక్సాస్ పెద్దమనిషి గిన్నె ఆకారాలన్నిటికీ సంఖ్యలు వేశాడు. ఆ సంఖ్యను సీడీ అంటారు. నా హెమింగ్రే 42 ఆయన లెక్కలో సీడీ 154.

ఇక్కడినుండి నాలోని పండితుడు మేల్కొన్నాడు. సీడీ సంఖ్య ఆకారాన్ని మాత్రమే చెబుతుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ అక్షరాలు వేశారు అన్నది దానికి పట్టదు. వేర్వేరు కంపెనీలు చేసిన ఒకే ఆకారపు గిన్నెలకు ఒకటే సంఖ్య. మన ఛందస్సు కూడా అంతే కదా! ఇది కందం, ఇది సీసం అని గుర్తించినంత మాత్రాన కవి ఎవరో తెలియదు. కవిని పట్టడానికి పద్యం లోపలికి పోవాలి. గిన్నె విషయంలో ఆ లోపలి సంగతి అచ్చు గీతలలో ఉంటుంది.

ఇనుప అచ్చు రెండు చెక్కలుగా ఉండి పుస్తకంలా మూసుకుంటుంది. కరిగిన గాజు ముద్దను అందులో వేసి, పైనుండి మరల కడ్డీని దించి నొక్కుతారు. గట్టిపడగానే కడ్డీని తిప్పి తీస్తారు. చెక్కలు కలిసిన చోట గాజుపై సన్నని గీత పడుతుంది. పాతకాలపు రెండు చెక్కల అచ్చులో ఆ గీత ఒక పక్కనుండి ఎక్కి, నడినెత్తిమీదుగా దాటి, రెండవ పక్కన దిగుతుంది. తరువాతి అచ్చులలో నెత్తికి వేరే ముక్క పెట్టారు. అప్పుడు గీత పక్కలనుండి పైకి వచ్చి, తలచుట్టూ ఉన్న వలయం దగ్గర ఆగిపోతుంది. నెత్తి దాటిన గీత ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నతో సేకర్తలు చాలా గిన్నెల ముందువెనుకలు తేలుస్తారు. కళ్ళు మూసుకుని బొటనవ్రేలితో తడిమినా తెలుస్తుంది.

అక్షరాలది ఇంకా మంచి కథ. గాజుపై అక్షరం సరిగా రావాలంటే అచ్చులో దానిని అద్దంలోవలె తిరగవేసి చెక్కాలి. చెక్కేవాడు మనిషి, ఎక్కడో ఒకచోట మరచిపోతాడు. అప్పుడు ఇంగ్లీషు ఎన్ అక్షరం గాజుపై తలక్రిందులుగా పడుతుంది. తాళపత్రాలలో లేఖకుడు ద వ్రాయవలసిన చోట ధ వ్రాసినట్లు. పరిష్కర్తకు లేఖక దోషం శత్రువు మాత్రమే కాదు, సాక్షి కూడా. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే తప్పు ఉంటే అవి రెండూ ఒకే మాతృకనుండి పుట్టినవని నిర్ణయిస్తాము. ఇదీ అంతే. వెయ్యి మైళ్ళ దూరంలో దొరికిన రెండు గిన్నెలపై ఒకే తిరగబడిన అక్షరం, దాని పక్కనే ఒకే గీరుడు కనిపిస్తే, రెండింటినీ కన్నది ఒకే అచ్చు. కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులను పక్కపక్కన పోల్పించిన బ్రౌను దొర ఈ సేకర్తలను చూసి ఉంటే తన మనుషులే అనుకునేవాడు.

దిద్దుబాట్లూ కనిపిస్తవి. బ్రూక్‌ఫీల్డ్ కంపెనీ తన గిన్నెలపై న్యూయార్కులోని తమ కార్యాలయపు చిరునామా వేసేది. మొదట ఫుల్టన్ వీధి 55, తరువాత క్లిఫ్ వీధి 45, ఆ తరువాత ఫుల్టన్ వీధి 83. ఇల్లు మారినంత మాత్రాన ఇనుప అచ్చును పారవేయరు కదా, పాత అక్షరాలను పూడ్చి కొత్తవి చెక్కుతారు. పూడ్చినది సరిగా పూడకపోతే గాజుపై కొత్త అక్షరాల వెనుక పాతవి నీడగా తేలుతవి. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడాలి. హరతాళం పూసి దిద్దిన ప్రతిలో కూడా ఇట్లాగే, పూత పలుచనైన చోట తొలి పాఠం తొంగిచూస్తుంది.

తేదీల విషయంలో ఒక హెచ్చరిక. హెమింగ్రే గిన్నెలు చాలావాటిపై 1893 మే 2 అనే పేటెంటు తేదీ ఉంటుంది. అంచున చిన్న చిన్న బొడిపెలు పెడితే వాననీరు చుక్కలుగా రాలిపోతుందన్న ఆలోచనకు ఇచ్చిన పేటెంటు అది. ఆ తేదీని ఎన్నో ఏండ్లపాటు వేస్తూ వచ్చారు గనుక గిన్నె పుట్టినది ఆ ఏడాదేనని అనుకోరాదు. మన ప్రతులలోనూ లేఖకుడు మాతృక చివరి గద్యను సంవత్సరంతో సహా ఎత్తి వ్రాస్తాడు. కాగితం నిన్నటిది, సంవత్సరం నూరేళ్ళ క్రిందటిది. వ్యాపారులు మాత్రం ఆ 1893ను చూపించి ధర చెబుతుంటారు.

నిజమైన తేదీ నా గాజు గిన్నెపై మరొక చోట ఉన్నది. అడుగువైపు చిన్న అంకెలు: 11, ఒక గీత, 47, ఆపైన రెండు చుక్కలు. ఓవెన్స్-ఇల్లినాయ్ చేతికి వచ్చిన తరువాతి పద్ధతి ఇది. మొదటి అంకె అచ్చు సంఖ్య, రెండవది అచ్చు చేసిన సంవత్సరం. మరుసటి ఏడాది కూడా అదే అచ్చును వాడితే ఒక చుక్క తొలుస్తారు, ఆపై ఏడాదికి మరొకటి. అంటే 1947లో చెక్కిన అచ్చు, 1948లోనూ 1949లోనూ పనిచేసినది. నా గిన్నె 1949లో పుట్టినది. ఒక కర్మాగారపు ఇనుప ముక్క తన వయస్సును తానే చుక్కలుగా లెక్కపెట్టుకున్నది! ఆ మూడేండ్లలో మా ప్రాంతం నిజాం రాజ్యం నుండి భారత దేశంలోకి వచ్చింది. ఆ ఏండ్ల గుర్తు మోసిన మా గిన్నె ఒక్కటైనా నాకు దొరకలేదు.

రంగు సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే సేకర్తల డబ్బంతా అక్కడే పోతుంది. ఇసుకలోని ఇనుము వల్ల గాజుకు నీలాకుపచ్చ ఛాయ వస్తుంది. దానిని పోగొట్టడానికి మాంగనీసు కలిపితే, ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన గాజు ఊదారంగుకు తిరుగుతుంది. ఆ ఊదాకు గిరాకీ ఉండడంతో, మామూలు గిన్నెలను కృత్రిమ కిరణాలకు పెట్టి ముదురు ఊదాగా మార్చి అమ్మేవారు బయలుదేరారు. సేకర్తల సంఘాలు వీటిని ఖండిస్తూనే ఉన్నవి. రంగుకోసం కొనేవాడు అలంకారాన్ని కొంటున్నాడు. అతనికి అచ్చు గీతతో పని లేదు.

మరి నా తొమ్మిది పింగాణీ గిన్నెల మాట? వాటిపై అచ్చు గీతలు వెదకితే దొరకవు. పింగాణీని మెత్తని మట్టిగా ఉన్నప్పుడు రూపుదిద్ది, తిరుగుడు యంత్రంపై చెక్కి, నునుపుచేసి, మెరుగు పూసి కాలుస్తారు. ఉన్న గీత కూడా చెరిగిపోతుంది. అందువల్ల చదివే గుర్తులు వేరు. మెరుగు పూయని అంచు ఎక్కడున్నదో చూడాలి, కొలిమిలో గిన్నె ఆనుకుని నిలిచిన చోటు అదే. తీగ కూర్చునే గాడి లోతు చూడాలి. లోపలి గిన్నె అంచు వెలుపలి అంచుకంటె ఎంత పైకి ఉన్నదో కొలవాలి. కాడను ఎట్లా బిగించారో గమనించాలి. కంపెనీ ముద్ర ఉంటే అది మెరుగు క్రింద ఉందా, మట్టిలోకి ఒత్తబడి ఉందా అన్నది కూడా ముఖ్యమే. నా వాటిలో ఒకదానిపై మాత్రమే ముద్ర పూర్తిగా చదవగలం, బుల్లర్స్ అని. ఇది బ్రిటిష్ సామ్రాజ్యమంతటికీ తంతి గిన్నెలు చేసి పంపిన ఇంగ్లండు కంపెనీ. ఈ దేశంలో తయారీ తరువాత బలపడింది. 1930 దశకంలో మైసూరు ప్రభుత్వం బెంగుళూరులో పెట్టిన పింగాణీ కర్మాగారం అందులో పేరుపొందినది.

మిగిలిన ఎనిమిదింటిని పక్కపక్కన నిలబెట్టి కొలిస్తే మూడు తెగలుగా తేలినవి. భిక్కనూరు వైపు ఐదింటిలో మూడు తెగలూ ఉన్నవి. డిచ్‌పల్లి వైపు ముద్రలేనివి మూడూ ఒకే తెగ. నాలుగవది బుల్లర్స్. ఇంత చిన్న గుంపునుండి పెద్ద మాట చెప్పరాదు. అయినా ఒక విషయం గమనించదగినది. ఒకే తెగ గిన్నెలు వరుసగా ఉన్న చోట తీగ ఒకే కాలంలో వేసినది, తరువాత దానిని ఎక్కువగా కదిలించలేదు. తెగలు కలిసిన చోట మరమ్మతులు జరిగినవి. గ్రంథంలో నడుమ ఆకులు వేరే చేతివ్రాతలో ఉంటే, అసలు ఆకులు పోయి ఎవరో పూరించారని తెలుసుకోవడం లాంటిదే ఇది. పోవడానికి కారణం పిడుగు కావచ్చు, గులేరు కావచ్చు, మనుషులే తెంచి ఉండవచ్చు.

మనుషులు తెంచడమంటే కొంత వివరించాలి. 1942లో ఆంధ్ర కాంగ్రెసు పక్షాన కళా వెంకటరావు గారు పంపిన రహస్య సర్క్యులరులో తంతి తీగలు తెంచడం కూడా ఒక కార్యక్రమంగా ఉన్నది. కర్నూలు సర్క్యులర్ అని పేరుపడిన ఆ కాగితాన్ని బ్రిటిష్ ప్రభుత్వం తరువాత కాంగ్రెసుపై సాక్ష్యంగా ఊరూరా చాటింది. ఆ ఆగస్టు 12న తెనాలిలో రైల్వేస్టేషను తగులబడింది, కాల్పులలో ఏడుగురు ప్రాణాలు విడిచారు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలలో తీగలు తెంచినవారి పేర్లు ఉన్నవి, ఉండవలసినవే. మరునాడు నిచ్చెన వేసుకుని ఎక్కి, పగిలిన గిన్నె తీసి కొత్తది బిగించిన తంతి కూలీ పేరు ఏ చరిత్రలోనూ లేదు. అతని సంతకం స్తంభంమీద ఉండేది, నాలుగు తెల్లగిన్నెల నడుమ తెగ కలవని ఒక గిన్నెగా. స్తంభాన్ని పీకి గిన్నెలను పగులగొట్టిన రోజున ఆ సంతకం కూడా పోయింది.

అందుకే ఎక్కడ దొరికినదో వ్రాసిపెట్టని గిన్నెను నేను సేకరణలో లెక్కించను. రెండేండ్ల క్రిందట నగరంలో హోటలు కట్టుకుంటున్న ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, దీపాల క్రింద వరుసగా వ్రేలాడదీయడానికి నా తొమ్మిదింటికీ మంచి ధర చెప్పాడు. నోటుబుక్కు కూడా తీసుకుపొమ్మన్నాను. అదెందుకండీ అని నవ్వాడు. ఇవ్వలేదు.

సేకరించాలనే కుతూహలం గల యువకులకు ఒక మాట. నిలబడి ఉన్న స్తంభం జోలికి పోవద్దు, అది పనిచేయనట్లు కనిపించినా ఎవరిదో ఒకరిది. తంతి ఆస్తికి 1885 నాటి చట్టం కాపుగా ఉండేది, దాని స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు. రాగి తీగ దొంగతనాలు ఎంత ముదిరినవంటే, తంతి తీగను దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేస్తూ 1950లో పార్లమెంటు విడిగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. దింపి పారవేసినవి, తూకానికి అమ్ముడైనవి చాలు. కొన్న వెంటనే సున్నపు మరకలు కడగడానికి తొందరపడవద్దు, ముందు ముద్ర ఉన్నదేమో చూసి ఫోటో తీయండి. అడుగున అతికిన నారపోగులు కూడా సమాచారమే.

2013 జూలై 14న దేశంలో చివరి టెలిగ్రాములు పంపడానికి జనం వరుసలు కట్టారు. వాటిని మోయడానికి అప్పటికి తీగా లేదు, గిన్నే లేదు, కంప్యూటర్లమీద నడిచిపోయినవి. కామారెడ్డి చుట్టుపక్కల పాత రైల్వే క్వార్టర్లలో నివసించిన కుటుంబాలవారు, గేజి మార్పిడి పనులలో కూలికి పోయినవారు ఇప్పటికీ ఉన్నారు. కొందరి ఇండ్లలో బోర్లించవలసిన గిన్నె వెల్లకిలా పడి, తులసికోట దగ్గర ప్రమిదగా వాడుకలో ఉన్నది. మొన్న తాడ్వాయి దారిలో ఒక ఇంట చూశాను. ఆ ఇంటి ముసలమ్మ నూనె తుడిచి నా చేతికిచ్చింది. లోపలి గిన్నె అంచు వెలుపలిదానికంటె వ్రేలెడు పైకి ఉన్నది, భిక్కనూరు వైపు రెండవ తెగవలె. ఏ స్తంభానిదమ్మా అంటే, తన పెనిమిటి గ్యాంగులో పనిచేసేవాడని, ఉప్పల్‌వాయి దగ్గర తీగలు దింపిననాడు తెచ్చాడని చెప్పింది. కొలతలు వ్రాసుకుని, గిన్నెను తులసికోట దగ్గరే ఉంచి వచ్చాను. నోటుబుక్కులో అది పదవది.